సెరామిక్ బొగ్గుల పొయ్యితో పది నెలలు: నా అనుభవం

డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోలో మేము సొంత ఇంట్లోకి వచ్చి ఈ పొయ్యి కొనేనాటికి ఏడాది దాటింది. అంతకు ముందు తొమ్మిదేళ్ళు అపార్ట్‌మెంటులో ఉన్నాము. అక్కడ బాల్కనీలో బొగ్గు వెలిగించడానికి వీలు లేదు. మండే స్వభావమున్న గోడకు పది అడుగుల లోపల నిప్పుతో వంట చేయరాదన్న నియమాన్ని లీజు కాగితాల్లోనే ముద్రించి సంతకం చేయించుకున్నారు. కుంపటి మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు రుచి ఎలా ఉంటుందో తెలియకుండానే మా అబ్బాయికి పదిహేనేళ్ళు వచ్చాయి. కొత్త ఇంటికి వెనుక చిన్న పెరడు, సిమెంటు చప్టా ఉన్నాయి. ప్రతి శనివారం పొద్దున్నే పక్కింటి పెద్దాయన పెరట్లోంచి ఓక్ కట్టెల పొగ మా వంటింటి కిటికీ దాకా వచ్చేది. ఆ వాసన తగిలినప్పుడల్లా తణుకు దగ్గర మా ఊరి ఇంటి దొడ్డి, అందులో పిడకల సెగ మీద పాలు కాచే, సాయంత్రం దాకా పొగలు కక్కే దాలిగుంట గుర్తుకు వచ్చేవి. బొగ్గుల పొయ్యి ఒకటి కొనాలన్న కోరిక నాకు అలా బలపడింది.

2024 మార్చి 2, శనివారం నాడు మావారు, నేను దుకాణానికి వెళ్ళాము. గుడ్డు ఆకారంలో, మందపాటి సెరామిక్ గోడలతో ఉండే ఈ పొయ్యిలను కమాడో అంటారు. జపాన్ భాషలో ఆ మాటకు పొయ్యి అనే అర్థమని అక్కడి కుర్రవాడు చెప్పాడు. అట్లాంటాలో 1974లో మొదలైన బిగ్ గ్రీన్ ఎగ్ వారి ఆకుపచ్చ పొయ్యిని, కమాడో జో వారి ఎర్రటి పొయ్యిని పక్కపక్కన నిలబెట్టి మూతలు ఎత్తి చూశాము. రెండూ నచ్చాయి, ధర విని మాత్రం వెనుకాడాము. చివరకు ఆ రెండూ కాని మూడో సంస్థ పొయ్యిని, 18 అంగుళాల వంట జాలీ ఉన్నదాన్ని, మరునాడు ఆన్‌లైనులో ఆర్డరు చేశాము. నలుగురున్న ఇంటికి 15 అంగుళాలది చాలదా అని నేను మొదట అనుకున్నాను. అయితే చిన్నదానిలో మేక జబ్బ పడుతుంది కానీ దాని చుట్టూ గాలి తిరిగే చోటు ఉండదని దుకాణంలోని కుర్రవాడు చెప్పిన మాట మీద పెద్దది తీసుకున్నాము. ఆ సలహా సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను.

ఖర్చు విషయంలో నేను పొరబడ్డాను. పొయ్యి ధర 799 డాలర్లు, 8.25 శాతం అమ్మకపు పన్నుతో 865 అయింది. ఇక ఖర్చు లేదనుకున్నాను. వేడి నేరుగా మాంసానికి తగలకుండా మధ్యలో పెట్టే సెరామిక్ అడ్డుపలక విడిగా 90, వాన తొడుగు 60, మాంసంలో ఒక తీగ, జాలీ మీద ఒక తీగ ఉండే డిజిటల్ థర్మామీటరు 60, 20 పౌండ్ల బొగ్గు సంచి 28, మోచేతుల దాకా వచ్చే చేతి తొడుగులు 25, బూడిద లాగే పార 15, నిప్పు అంటించే ముక్కల పెట్టె 12 డాలర్లు అయ్యాయి. అంటే మొదటి కోడిముక్క కాలకముందే మొత్తం 1,155 డాలర్లు వెళ్ళిపోయాయి. వీటిలో వాన తొడుగు తప్ప ఏదీ అనవసరం కాదు. కనుక కొనదలచినవారు పొయ్యి ధరకు మూడో వంతు అదనంగా చేతిలో ఉంచుకోవాలి.

మార్చి 14, గురువారం మధ్యాహ్నం లారీ వచ్చింది. నేను ఆఫీసు మీటింగు మధ్యలో ఉన్నాను. 230 పౌండ్ల అట్టపెట్టెను చెక్క పాలెట్‌తో సహా దించి, డ్రైవ్‌వే మొదట్లో వదిలి, సంతకం అడిగారు. ఇంటికి చేర్చడమంటే రోడ్డు అంచు దాకా చేర్చడమేనని, పెరట్లోకి మోసుకుపోవడం మన పనేనని ఆ క్షణం దాకా నాకు తెలియదు. పైకి అట్టపెట్టె చెక్కు చెదరకుండా ఉంది. "సరుకు బాగానే అందింది" అన్న గడి మీద సంతకం చేసేశాను. నేను చేసిన తప్పు అదే. విప్పి చూడటానికి డ్రైవరు ఆగకపోయినా, "విప్పి చూడలేదు" అని సంతకం పక్కన రాసి ఉంటే తరువాతి నెల రోజుల గొడవలో సగం ఉండేది కాదు.

శనివారం మావారు, పక్కింటి పెద్దాయన, ఎదురింటి తమిళ కుర్రవాడు కలిసి దానిని మోశారు. మూత తెరిచి లోపలి గిన్నెలు, జాలీలు, పలకలు ఒక్కొక్కటిగా బయటపెట్టి, ఖాళీ గుడ్డును మాత్రమే ఎత్తితే ఇద్దరు ముగ్గురికి లొంగుతుందని పెద్దాయన చెప్పారు. అలా బయటపెడుతూ ఉండగానే బొగ్గులు పోసే లోపలి నిప్పుగిన్నెకు పైనుంచి కింది దాకా చీలిన బీట కనిపించింది. కొన్ని సంస్థలు వేడికి గిన్నె వ్యాకోచించడానికి కావాలనే ఒక చీలిక పెడతాయి. మాది అలాంటిది కాదు. అంచులు రాలిపోయి, వేలు పెడితే గరుకుగా తగిలే పగులు అది. అంత బరువును అంత జాగ్రత్తగా మోసి చప్టా మీద నిలబెట్టిన తరువాత, అది వెలిగించడానికి పనికిరాదని తెలిసినప్పుడు నాకు నిజంగానే ఏడుపు వచ్చింది.

ఆ రాత్రే సంస్థకు ఫొటోలతో మెయిలు రాశాను. సోమవారం జవాబు వచ్చింది: క్రమ సంఖ్య పంపమన్నారు. పంపాను. గురువారం మరొకరు అవే ఫొటోలు మళ్ళీ అడిగారు. సన్నటి బీటలైతే వంటకు అడ్డం కావు, వాడుకోవచ్చు అని కూడా రాశారు. సన్నటి బీటల విషయంలో ఆ మాట నిజమే. చాలామంది అలాంటి గిన్నెలతో ఏళ్ళ తరబడి వండుతున్నారు. అందుకే ఈసారి పగులులోంచి అవతలి వైపు వెలుతురు కనిపించేలా సెల్‌ఫోను దీపం పెట్టి ఫొటో తీసి పంపాను. ఆ ఒక్క ఫొటో పని చేసింది. మార్చి 26న ఒప్పుకున్నారు, కొత్త గిన్నె ఏప్రిల్ 9న, సరిగ్గా ఉగాది నాడు వచ్చింది. మెయిలు రాసిన రోజు నుంచి లెక్కిస్తే 24 రోజులు. ఆ 24 రోజులూ పొయ్యి తొడుగు కప్పుకుని పెరట్లో నిలబడి ఉంటే, వంటింట్లో నుంచి దానిని చూడకుండా ఉండటానికి కిటికీ తెర వేసుకునేదాన్ని. వారంటీ మొదటి కొనుగోలుదారుకు మాత్రమే వర్తిస్తుంది కాబట్టి, అందిన రోజునే పేరు నమోదు చేసి ఉంచుకోవడం నాకు కలిసివచ్చింది.

ఏప్రిల్ 13న మొదటిసారి నిప్పు వేశాము. ఆ రోజు వంట చేయలేదు. మూతకు, అడుగు భాగానికి మధ్య అంచు చుట్టూ అంటించిన మెత్తటి గ్యాస్కెట్ బంక గట్టిపడటానికి మొదటి రెండు మూడు సార్లు 350 డిగ్రీల ఫారన్‌హీట్ దాటనీయకూడదని సూచనల పుస్తకంలో ఉంది. దానిని పాటించాము. మా అబ్బాయి ఒక పొత్తు కాల్చుకుని తిన్నాడు.

అసలు దెబ్బ ఏప్రిల్ 20న తగిలింది. పెరుగు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించి రాత్రంతా నానబెట్టిన రెండు కోళ్ళు సిద్ధంగా ఉన్నాయి. నిప్పు త్వరగా రాజుకోవాలని మూత తెరిచి, కింది గాలి తలుపు పూర్తిగా లాగి, ఇరవై నిమిషాలు అలాగే వదిలేశాను. గిన్నెలోని బొగ్గంతా ఒకేసారి అంటుకుంది. మూత వేసేసరికి దాని మీది థర్మామీటరు ముల్లు 550 దగ్గర ఉంది. నాకు కావలసినది 350. గాలి తలుపులు రెండూ దాదాపు మూసి, పది నిమిషాలలో దిగుతుందనుకున్నాను. గంటన్నర తరువాత కూడా 400 దగ్గరే ఉంది. ఇనుప పొయ్యి అయితే మూత తెరిస్తే చల్లారుతుంది. ఈ మందపాటి మట్టి గోడ ఒకసారి తాగిన వేడిని తొందరగా వదలదు. అంతేకాదు, మూత తెరిచి వేడి పోనిద్దామనుకుంటే లోపలికి కొత్త గాలి వెళ్ళి నిప్పు ఇంకా రాజుకుంటుంది. ఆకలితో ఉన్న పిల్లలు ముందు నిలబడితే ఆగలేక కోళ్ళను పెట్టేశాను. పెరుగు, కారం మాడి నల్లటి పొర కట్టాయి, ఎముక దగ్గర మాంసం ఎర్రగానే ఉంది. దానికి తోడు తెల్లటి దట్టమైన పొగ పట్టి, నాలుక మీద చేదు గంటసేపు పోలేదు. రెండు కోళ్ళూ చెత్తబుట్టలో పడ్డాయి.

ఆ సంగతి పక్కింటి పెద్దాయనకు చెప్పినప్పుడు ఆయన నవ్వలేదు. మరునాడు సాయంత్రం వచ్చి నా పక్కన రెండు గంటలు కూర్చున్నారు. ఆయన వండేది గొడ్డు మాంసం, మేము తినము. కానీ నిప్పు సంగతులు అందరికీ ఒకటేనని అంటూ నేర్పిన విషయాలను ఇక్కడ రాయకపోతే ఈ అనుభవం రాసి ఉపయోగం లేదు. పెద్ద బొగ్గు ముక్కలు అడుగున, చిన్నవి పైన పేర్చాలి. నేరుగా సంచి గుమ్మరిస్తే అడుగు జాలీ కన్నాలు నుసితో మూసుకుపోయి గాలి ఆడదు. అచ్చు పోసిన బొగ్గు బిళ్ళలు వద్దు, అవి బూడిద ఎక్కువ చేస్తాయి. చెట్టు కొమ్మ ఆకారం ఇంకా కనిపించే ముడి బొగ్గు, ఇక్కడ లంప్ చార్‌కోల్ అంటారు, అదే వాడాలి. అంటించడానికి ద్రవం అసలు వాడకూడదు, ఆ కిరసనాయిలు లాంటి వాసనను సెరామిక్ పీల్చుకుంటుంది. ఒకే ఒక్క చోట, మధ్యలో అంటించి, కావలసిన వేడికి ఇంకా 50 డిగ్రీలు తక్కువ ఉండగానే గాలి తగ్గించడం మొదలుపెట్టాలి. కింది తలుపు చిటికెన వేలు వెడల్పు, పైనున్న చక్రం చంద్రవంక అంత సన్నని సందు తెరిచి ఉంచితే మా పొయ్యి 250 దగ్గర, అంటే సుమారు 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటల తరబడి కదలకుండా నిలుస్తుంది. ఏ తలుపు కదిపినా, దాని ఫలితం ముల్లు మీద కనిపించడానికి పదిహేను నిమిషాలు పడుతుంది. ఆ పదిహేను నిమిషాలు మళ్ళీ చెయ్యి పెట్టకుండా కూర్చోవడమే అన్నిటికంటే కష్టమని ఆయన అన్నారు.

పొగ గురించి ఆయన చెప్పినది ఇంకా విలువైనది. అంటించిన కొత్తలో వచ్చే తెల్లటి పొగలో మాంసం పెట్టకూడదు. అరగంట, ముప్పావు గంట ఆగితే పొగ పలచబడి, నీలిరంగు జీరగా మారుతుంది. ఒక్కొక్కసారి కంటికి కనిపించదు కూడా, చెయ్యి పెట్టి వాసన చూస్తేనే తెలుస్తుంది. అప్పుడు పెట్టాలి. కట్టె ముక్కలు నీళ్ళలో నానబెట్టాలని నేను ఎక్కడో విన్నాను. నానబెడితే ముందు ఆ నీరు ఆవిరి కావాలి, అంతే తప్ప ప్రయోజనం లేదన్నారు. టెక్సస్‌లో ఎక్కువగా వాడే పోస్ట్ ఓక్ ముక్కలు తన దగ్గర నుంచి నాలుగు ఇచ్చారు. కోడికి ఆపిల్, చెర్రీ కట్టెలు నాకు తరువాత బాగా నచ్చాయి. మెస్కిట్ కట్టె వాసన మరీ ఘాటు, మా ఇంట్లో ఎవరికీ పడలేదు. ఆయన వెళ్ళే ముందు మూతకున్న గడియారం లాంటి థర్మామీటరును ఊడదీయించి, మరుగుతున్న నీళ్ళలో ముంచారు. 212 చూపించవలసినది 240 చూపించింది. వెనుకనున్న మర తిప్పి సరిచేశాము. కొత్త వస్తువు కదా సరిగ్గానే ఉంటుందని నమ్మకూడదు.

మే 11న మా అమ్మ తణుకు నుంచి వచ్చింది. వచ్చిన వారానికే పెరట్లో నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, నేను థర్మామీటరు వైపు, గాలి తలుపు వైపు మార్చి మార్చి చూడటం గమనించి, "ఇది మన దాలే కదే, నిలబెట్టి కట్టారు" అంది. నాకు అంతవరకు ఆ పోలిక తట్టలేదు. మా ఇంట్లో పొద్దున్న పిండిన పాలను మట్టికుండలో పోసి, పిడకలు రాజేసిన దాలిలో పెట్టి మూత వేస్తే, సాయంత్రానికి అవి లేత ఎరుపు తిరిగి, పైన అట్టులాంటి మీగడ కట్టేవి. "మంట మీద పెడితే పొంగుతాయి గానీ కాగవు. సెగ మీదే కాగాలి. నివురు కప్పి వదిలెయ్యాలి, మాటిమాటికీ మూత తియ్యకూడదు" అని అమ్మ చెప్పింది. తేగలను తంపట వేయడం కూడా ఇదే పద్ధతి అంది. పుస్తకంలో చదివినప్పుడు, పెద్దాయన చెప్పినప్పుడు అర్థమైనట్లు అనిపించినది ఆ మాటతో నా చేతికి వచ్చింది. నేను అప్పటి దాకా నిప్పును చూస్తూ వండుతున్నాను. చూసుకోవలసినది గాలిని.

మే 25న, మెమోరియల్ డే సెలవుల శనివారం, పన్నెండు మందిని భోజనానికి పిలిచాము. హలాల్ దుకాణంలో ఐదు పౌండ్ల మేక జబ్బను కోయకుండా ఎముకతోనే ఇమ్మంటే కొట్టు మనిషి రెండుసార్లు అడిగి మరీ ఇచ్చాడు. కూరకు ముక్కలు కొట్టించుకునేవారే తప్ప ఇలా అడిగేవారు తక్కువట. ఉప్పు, మిరియాలు, ధనియాలు, కొంచెం గసగసాలు దంచి పట్టించాను. పొద్దున్న ఆరు గంటలకు అంటించి, ఏడుంబావుకు అడ్డుపలక మీద, 250 డిగ్రీల దగ్గర పెట్టాను. ఒంటిగంటకు వడ్డించవచ్చని లెక్క వేసుకున్నాను. పదిన్నరకు మాంసం లోపలి వేడి 160 చేరింది. పన్నెండున్నరకూ 163 దగ్గరే ఉంది. పొయ్యి ఆరిపోయిందేమోనని భయం వేసింది, కాని జాలీ మీది తీగ 250 చూపిస్తూనే ఉంది. మాంసంలోని తేమ పైకి వచ్చి ఆవిరవుతూ, మనకు చెమట పట్టినట్లే దానిని చల్లబరుస్తుందని, పొయ్యి ఇచ్చే వేడి, ఆవిరి తీసుకుపోయే వేడి సమానమైనంతసేపు మాంసం వేడి పెరగదని పెద్దాయన గోడ మీదుగా చెప్పారు. దానికి ఇక్కడివాళ్ళు స్టాల్ అని పేరు పెట్టుకున్నారు. రేకు కాగితంలో గట్టిగా చుట్టి మళ్ళీ పెట్టమన్నారు. చుట్టాక రెండు గంటలలో 198కి వచ్చింది. మధ్యలో అతిథులు వచ్చేశారు. అమ్మ, మావారు కలిసి పులిహోర, పెరుగువడలతో వాళ్ళను కూర్చోబెట్టారు. నేను పెరట్లో నుంచి లోపలికి రాలేక, సిగ్గుతో, ఆందోళనతో అక్కడే తిరిగాను. అరగంట కదిలించకుండా ఉంచి, నాలుగింటికి విప్పితే, జబ్బ ఎముక చేతితో లాగగానే శుభ్రంగా ఊడి వచ్చింది. లోపల ఎముక చుట్టూ మాంసం పీచులు పీచులుగా, జిగురుగా, నెయ్యి రాసినట్లు ఉంది. అందరికంటే ముందు అమ్మ నోట్లో పెట్టాను. ఆమె ఏమీ అనకుండా ఇంకో ముక్క తీసుకుంది. ఆ రోజు నుంచి వడ్డించే సమయానికి మూడు గంటల ముందే మాంసం అయిపోయేలా లెక్క వేస్తున్నాను. రేకులో, తువ్వాలులో చుట్టి ఖాళీ ఐస్ పెట్టెలో పెడితే మూడు గంటలైనా చెయ్యి కాలేంత వేడిగా ఉంటుంది.

జూన్ 8న చెయ్యి కాలింది. పని అయిపోయి గాలి తలుపులు రెండూ మూశాక, లోపల ఒక గరిటె మరిచిపోయానని మూత ఒక్కసారిగా ఎత్తాను. గాలి అందక ఊపిరి బిగబట్టినట్లున్న నిప్పుకు ఒక్కసారిగా గాలి తగిలి, పెద్ద మంట మొహం మీదికి లేచింది. ముంజేతి వెంట్రుకలన్నీ మాడిపోయాయి, కనురెప్పల వెంట్రుకల చివరలు చుట్టుకుపోయాయి. కంటికి ఏమీ కాకపోవడం అదృష్టం. అప్పటి నుంచి మూతను రెండంగుళాలు ఎత్తి, ఐదారు సెకన్లు ఆగి, వేడిగాలి బయటికి పోయాకనే పూర్తిగా తెరుస్తున్నాను. మా అబ్బాయికి మూత ముట్టుకునే ముందు నేర్పిన మొదటి విషయం ఇదే. అదే నెలలో ఒక సాయంత్రం ఉరుములతో వాన మొదలైతే, చక్రాలున్నాయి కదా గరాజులోకి లాగుదామని మావారు అన్నారు. నేను ఒప్పుకోలేదు. కుమిలే బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి రంగూ వాసనా ఉండవు. తలుపులు మూసినా ఈ పొయ్యి లోపల నిప్పు గంటల తరబడి బతికే ఉంటుంది. వానలోనే వదిలేసి, కోడిని వంటింటి ఓవెన్‌లో పూర్తి చేశాము. ఈ ఒక్క విషయంలో మాత్రం ఎవరూ రాజీ పడవద్దని గట్టిగా చెబుతున్నాను.

జూలైలో పిజ్జా కాల్చాలని 650 దాకా వేడి చేసిన ఫలితంగా గ్యాస్కెట్ ఒక వైపు మాడి, ఊడి వేలాడింది. అంచులోంచి పొగ కారడం మొదలైంది, వేడి అదుపు తప్పింది. కొత్తది 35 డాలర్లు. అంటించడం పావుగంట పని, పాత బంకను గీకి తీయడానికి మాత్రం రెండున్నర గంటలు పట్టింది. తందూరీ రొట్టెలు ఇప్పుడు 500 దగ్గరే కాలుస్తున్నాను, బాగానే వస్తున్నాయి. వంకాయల విషయంలో మాత్రం ఎవరి మాటా వినకుండా నేరుగా నిప్పు కణికల మీదే పడేస్తాను. తొక్క పూర్తిగా నల్లబడి, లోపల గుజ్జు పొగ వాసనతో దిగుతుంది. ఆ గుజ్జుతో చేసిన పచ్చిపులుసు కోసమే ఈ పొయ్యి కొన్నా నష్టం లేదనిపిస్తుంది. బొగ్గు ఖర్చు నేను భయపడినంత లేదు. ఎనిమిది గంటల వంటకు నాలుగైదు పౌండ్లు మించి పట్టదు, అయిపోగానే తలుపులు మూస్తే మిగిలినది ఆరిపోయి మరుసటి వారానికి పనికొస్తుంది.

సెప్టెంబరులో అమ్మ తన సొంత ప్రయోగం చేసింది. ఇండియన్ కొట్టులో కొన్న మట్టికుండను రెండు రోజులు నీళ్ళలో నానబెట్టి, గంజి పోసి కాచి సిద్ధం చేసింది. కోడి దించాక, అడ్డుపలక అలాగే ఉంచి, జిడ్డు తుడిచి, వేడిని 225కు దించి, గ్యాలన్ చిక్కటి పాలు పోసి కుండను పెట్టింది. పొద్దున్న పది నుంచి సాయంత్రం ఐదు దాకా ఎవరినీ మూత ముట్టుకోనివ్వలేదు. తీసేసరికి పాలు పావు వంతు తగ్గి, లేత ఇటుక రంగు తిరిగాయి. మీగడ వేలెడు మందం ఉంది. రాత్రి తోడు పెడితే, మరునాడు పెరుగు కత్తితో కోసినట్లు తెగింది. పెరుగులో పొగ వాసన మా అబ్బాయికి నచ్చలేదు. నేను, అమ్మ ఇద్దరమే రెండు రోజులు తిన్నాము.

అక్టోబరు రెండో వారంలో అమ్మను దింపడానికి నేనూ వెళ్ళి, ఐదు వారాలు ఊళ్ళో ఉండి, నవంబరు మధ్యలో తిరిగి వచ్చాను. వెళ్ళే ముందు రోజు నీళ్ళ పళ్ళెం పెట్టి కోడి వండి, కడగకుండా, తలుపులు బిగించి, తొడుగు కప్పేశాను. వచ్చి మూత తీస్తే జాలీ మీద, మిగిలిన బొగ్గు మీద, మూత లోపలి గోడల మీద తెల్లగా, పచ్చగా బూజు. ఆ వాసనకు వెనక్కి తగ్గాను. పొయ్యి పాడైపోయిందని నిజంగానే అనుకున్నాను. పాత బొగ్గంతా పారేసి, కొత్త బొగ్గుతో 600 దగ్గర గంటసేపు మండనిచ్చి, చల్లారాక జాలీని తోమి, బూడిద ఊడ్చి, మరోసారి 400 దగ్గర అరగంట కాల్చాక అది మళ్ళీ శుభ్రపడింది. సబ్బు మాత్రం సెరామిక్‌కు తగలనివ్వలేదు. ఇప్పుడు వారం మించి వాడనని తెలిస్తే కింది తలుపు వేలెడంత తెరిచి, తొడుగు లేకుండా వదిలేస్తున్నాను. ఆ 60 డాలర్ల తొడుగు తేమను లోపలే బంధించింది. నవంబరు 28న థాంక్స్‌గివింగ్‌కు పన్నెండు పౌండ్ల టర్కీని వెన్నెముక కోసి పరిచి, 325 దగ్గర రెండున్నర గంటలు వండాను. మాంసం మందంగా ఉన్న చోట 165 చూసి దించాను. ఎటువంటి ఇబ్బందీ రాలేదు. చెప్పుకోవడానికి అంతకు మించి ఏమీ లేదు.

2025 జనవరి 15, కనుమ బుధవారం పడింది. ఆ రోజు సెలవు పెట్టాను. బయట గడ్డకట్టే చలి, అయినా పొయ్యి గోడలు ఒకసారి వేడెక్కాక ముల్లు 250 నుంచి కదలలేదు. ఎండాకాలం కంటే కొంచెం బొగ్గు ఎక్కువ పట్టింది, అంతే. హలాల్ దుకాణంలో దొరికే ముదురు కోడిని ఓక్ ముక్క మీద మూడు గంటలు పొగపట్టించి, తరువాత ముక్కలు చేసి వంటింట్లో పులుసు పెట్టాను. గారెలు మావారు వేశారు. కోడి దించిన వేడిలోనే అమ్మ వదిలి వెళ్ళిన కుండలో పాలు పోసి పెట్టాను. ఇక్కడ మధ్యాహ్నం రెండు గంటలకు మా ఊళ్ళో అర్ధరాత్రి దాటిపోయింది, అయినా పండుగ హడావుడిలో అమ్మ ఇంకా మేలుకునే ఉంది. వీడియో కాల్‌లో కెమెరాను పొయ్యి వైపు తిప్పి, రంగు తిరిగిందో లేదో చూపిస్తాను ఉండు అంటూ మూత పట్టుకున్నాను.

"ఇంకా మీగడ కట్టి ఉండదు. మూత తియ్యకు" అంది అమ్మ.

చెయ్యి వెనక్కి తీసుకుని, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. ఐదింటికి తీశాను.